హెన్నింగ్ హోల్క్-లార్సెన్

హెన్నింగ్ హోల్క్-లార్సెన్ (జూలై 4, 1907 - జూలై 27, 2003) డెన్మార్క్ దేశంలో జన్మించి భారతదేశంలో స్థిరపడిన ఇంజనీరు, పారిశ్రామికవేత్త. తన మిత్రుడు సోరెన్ క్రిస్టియన్ టూబ్రోతో కలిసి 1938లో బొంబాయి (నేటి ముంబై) నగరంలో లార్సెన్ అండ్ టూబ్రో (ఎల్ అండ్ టి) సంస్థను స్థాపించాడు. విదేశీ యంత్రాలను తెప్పించి అమ్మే చిన్న వ్యాపారంగా మొదలైన ఈ సంస్థ, యుద్ధకాలంలో దిగుమతులు ఆగిపోగా యంత్రాలను స్వయంగా తయారు చేయనారంభించింది. కాలక్రమంలో దేశంలోని ప్రముఖ భారీ యంత్ర నిర్మాణ సంస్థలలో ఒకటిగా ఎదిగింది.

భారతదేశానికి రాక

లార్సెన్ రసాయన ఇంజనీరింగు చదివి, కోపెన్‌హేగన్‌లోని ఎఫ్.ఎల్.స్మిత్ సంస్థలో ఉద్యోగంలో చేరాడు. సిమెంటు కర్మాగారాలకు కావలసిన యంత్రాల తయారీకి ఈ సంస్థ పేరు పొందింది. ఇదే సంస్థకు చెందిన టూబ్రో, కోయంబత్తూరు సమీపాన మధుక్కరైలో సిమెంటు కర్మాగారపు యంత్రాలను నెలకొల్పే పనిమీద 1934లో భారతదేశానికి వచ్చాడు. 1936లో పలు సిమెంటు కంపెనీల కలయికతో అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీస్ (ఎ.సి.సి.) ఏర్పడింది. ఈ విలీనానికి సంబంధించిన పనుల కొరకు 1937లో లార్సెన్ కూడా వచ్చాడు.

సంస్థ స్థాపన

బొంబాయికి చేరువలోని మాథెరాన్ అనే కొండ విడిదిలో ఉండగా మిత్రులిద్దరికీ సొంత వ్యాపారం ఆలోచన కలిగింది. 1938 మే 1న భాగస్వామ్య సంస్థను ప్రారంభించారు. వారి కార్యాలయం ఎంత చిన్నదంటే, ఒకసారికి ఒక్క భాగస్వామి మాత్రమే అందులో కూర్చోగలిగేవాడు. డెన్మార్క్‌లో తయారైన పాడిపరిశ్రమ యంత్రాలను తెప్పించి అమ్మడం తొలినాళ్ళలో వారి ప్రధాన వ్యాపారం.

యుద్ధకాలం

1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించింది. దీనితో దిగుమతులు నిలిచిపోయాయి. అమ్మడానికి సరుకు లేని స్థితిలో భాగస్వాములు ఒక చిన్న వర్క్‌షాపును తెరచి, పాడిపరిశ్రమ యంత్రాలను అక్కడే తయారు చేయసాగారు. ఓడల మరమ్మతు పనులు కూడా చేపట్టారు. టాటా సంస్థ నెలకొల్పుతున్న సోడా యాష్ కర్మాగారపు పని చూడవలసిన జర్మన్ ఇంజనీర్లను యుద్ధం కారణంగా ప్రభుత్వం నిర్బంధించగా, ఆ పని వీరికి లభించింది. కర్మాగారాలను నిర్మించి ఇచ్చే రంగంలో సంస్థ ప్రవేశించడానికి ఇదే నాంది. నిర్మాణపు పనుల కొరకు 1944లో ఇ.సి.సి. అనే అనుబంధ సంస్థను ఏర్పాటు చేశారు.

యుద్ధానంతరం, స్వాతంత్ర్యానంతరం

1945లో అమెరికాకు చెందిన కాటర్‌పిల్లర్ కంపెనీతో, మట్టిపని యంత్రాల అమ్మకానికి ఒప్పందం కుదిరింది. యుద్ధంలో వాడి మిగిలిన యంత్రాలు చవకగా లభించే అవకాశం ఉన్నా, వాటిని కొనడానికి ఇద్దరు భాగస్వాముల పెట్టుబడి చాలలేదు. అందువలన 1946 ఫిబ్రవరి 7న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ ఏర్పడింది.

స్వాతంత్ర్యం తరువాత పలువురు ఐరోపా వ్యాపారులు తమ సంస్థలను అమ్మి వెళ్ళిపోయారు. లార్సెన్ మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. 1948లో సంస్థ బొంబాయి శివార్లలోని పోవై వద్ద చిత్తడి, అడవితో నిండిన 55 ఎకరాల భూమిని తీసుకున్నది. ఈ నేలే తరువాత సంస్థ ప్రధాన తయారీ కేంద్రమైనది. 1950 డిసెంబరులో సంస్థ 20 లక్షల రూపాయల చెల్లించిన మూలధనంతో పబ్లిక్ కంపెనీగా మారింది.

భారీ యంత్రాల తయారీ

రసాయన, ఎరువుల కర్మాగారాలలో అధిక పీడనాన్ని, ఉష్ణోగ్రతను తట్టుకొనే పెద్ద ఉక్కు పాత్రలు అవసరమవుతాయి. మందమైన ఉక్కు పలకలను వంచి, లోపం లేకుండా వెల్డింగు చేయడం వీటి తయారీలో కీలకం. అతుకులో చిన్న లోపమున్నా పాత్ర పగిలే ప్రమాదముంటుంది. సంస్థ ఈ నైపుణ్యాన్ని సాధించడం వలన, హోమీ భాభా నాయకత్వాన సాగిన అణుశక్తి కార్యక్రమానికి కావలసిన పరికరాలను, ఆ తరువాత అంతరిక్ష కార్యక్రమానికి రాకెట్ మోటారు కవచాలను దేశంలోనే తయారు చేయగలిగింది.

యాజమాన్యం

టూబ్రో 1982లో మరణించాడు. లార్సెన్ 1978లో అధ్యక్ష పదవి నుండి విరమించాడు. స్థాపకుల కుటుంబాలు సంస్థను తమ అదుపులో ఉంచుకొనలేదు. ఉద్యోగం నుండి ఎదిగిన ఇంజనీర్లే దానిని నడిపారు. అయితే, అదుపు చేయగల పెద్ద వాటాదారు లేకపోవడం వలన సంస్థపై ఇతర వ్యాపార సంస్థల దృష్టి పడింది. 1989లో ధీరూభాయ్ అంబానీ అధ్యక్షుడై, 1990లో తప్పుకున్నాడు. 2001లో రిలయన్స్ వాటాను గ్రాసిమ్ కొన్నది. 2003లో కుదిరిన ఏర్పాటు ప్రకారం సిమెంటు విభాగం విడిపోయి గ్రాసిమ్‌కు దక్కగా, ఎల్ అండ్ టిలో గ్రాసిమ్ వాటాను ఉద్యోగుల ట్రస్టు తీసుకున్నది.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

అనంతపురం జిల్లా తాడిపత్రిలోని సిమెంటు కర్మాగారాన్ని ఈ సంస్థే నెలకొల్పింది. సిమెంటు విభాగంతో పాటు అదీ చేతులు మారింది. హైదరాబాదు మాదాపూర్‌లో 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ భవనాన్ని, 2017లో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో రైలు మార్గాన్ని కూడా ఈ సంస్థే నిర్మించింది.

పురస్కారాలు, మరణం

అంతర్జాతీయ అవగాహన విభాగంలో 1976లో రామన్ మెగసెసే పురస్కారం, 2002లో భారత ప్రభుత్వపు పద్మభూషణ్ పురస్కారం లార్సెన్‌కు లభించాయి. ఒక ఉద్యోగపు పనిమీద వచ్చి ఆరున్నర దశాబ్దాలకు పైగా భారతదేశంతో ముడిపడిన లార్సెన్, 2003 జూలై 27న తన 96 ఏళ్ళ వయసులో ముంబైలో మరణించాడు.