జాయప సేనాని: గజములను నడిపిన చేతితో నృత్తశాస్త్రము

ఓరుగంటికి కీర్తి దెచ్చినవారు పెక్కండ్రు కలరు. కొందఱు కత్తిచే గెలిచిరి, కొందఱు గంటముచే గెలిచిరి. ఈ రెండింటను సమముగ పేరొందిన ధన్యుడు జాయప సేనాని. రణరంగమున మదగజములను నడిపిన చేయియే నర్తకి యడుగు మోపు తీరును, చేయి త్రిప్పు తీరును శాస్త్రముగ లిఖించినది.

కృష్ణవేణి సాగరమున గలియు చోట దివిసీమ కలదు. పూర్వమా సీమను అయ్యవంశజు లేలుచుండిరి. జాయప తండ్రియగు పినచోడి యా వంశమువాడే. 13వ శతాబ్దపు తొలి సంవత్సరములలో కాకతి గణపతిదేవుడు వెలనాటిని జయించి, దివిసీమను గూడ లోబఱచుకొనెను. అయినను ఆ రాజు ఓడినవారిని నిర్మూలింపలేదు. పినచోడి కుమార్తెలగు నారాంబను, పేరాంబను వివాహమాడి వైరమును బంధుత్వముగ మార్చెను. వారి సోదరుడగు జాయపను చేరదీసెను. జాయపకు గుండామాత్యుడు గురువై విద్య గఱపెను. పిదప గణపతిదేవుడు జాయపకు గజసాహిణి పదవి నొసంగెను. గజసాహిణి యనగా ఏనుగుల దళమునకు అధిపతి. ఓడిన యింటి బిడ్డను నమ్మి సేనలో నంతటి పదవి నిచ్చిన రాజు గొప్పవాడు. ఆ నమ్మకమును నిలుపుకొన్న జాయపయు గొప్పవాడే.

జాయప చేబ్రోలులో తండ్రి పేరిట చోడేశ్వరాలయమును ప్రతిష్ఠించి శాసనము వేయించెను. 1231లో దివిసీమయందు తన ప్రభువు పేరిట గణపేశ్వరాలయమును నెలకొల్పెను. ఒక గుడి కన్నతండ్రికి, ఒక గుడి యన్నము పెట్టిన రాజునకు. ఈ రెండింటిని చూచినచో ఆతని కృతజ్ఞత యెట్టిదో తెలియగలదు.

జాయప రచించిన గ్రంథములు మూడు: గీతరత్నావళి, వాద్యరత్నావళి, నృత్తరత్నావళి. వీనిలో నృత్తరత్నావళి 1253-54 ప్రాంతమున సంస్కృతమున వెలువడెను. ఇందలి యధ్యాయములు 8. మొదటి నాలుగింట భరతముని చూపిన మార్గపద్ధతియు, తక్కిన నాలుగింట దేశిపద్ధతియు వివరింపబడినవి. మార్గమును గూర్చి పూర్వు లనేకులు వ్రాసియున్నారు. జాయప విశేషమంతయు దేశిభాగముననే కలదు. చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమువంటి గ్రంథములను ఆతడు చదివెను. అంతటితో నూరకుండక, జనులు వీధులలోను దేవాలయములలోను ఆడు పేరణి, రాసకము, చర్చరి, దండరాసకము, కందుకనృత్తము మొదలగువానికి శాస్త్రమున పీట వేసెను. పండితులు చిన్నచూపు చూడదగినదని తలచు దానిని సేనానాయకుడు ఆదరించుట యెంత యుదారము!

నృత్తమునకు దేహము మూలము, ఆహార్యము శోభ. ఆహార్యమనగా వేషభూషణములు. ఆ కాలపు నర్తకి యెట్లు అలంకరించుకొనెడిదో కన్నులార చూడదలచువారు పాలంపేట రామప్పగుడికి పోవలెను. గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు కట్టించిన యా యాలయపు శాసనము 1213 నాటిది. గుడి వెలుపలి స్తంభములపై నల్లరాతి మదనికలు నిలిచియున్నారు. నడుమునుండి వ్రేలాడు మేఖలలు, తొడలమీద జాఱు ముత్యాలసరులు, కాళ్లకు అందెలు, మడతలు తెలియునట్లు బిగించిన వస్త్రము శిల్పి యులిలో సజీవములైనవి. ఒక మదనిక కాలికి ఎత్తు మడమల పాదరక్ష కలదు. చూపరులు దానిని చూచి నేటికిని ఆశ్చర్యపడుదురు.

ఆ శిల్పములు నృత్తరత్నావళిని చూచి చెక్కినవని కొందఱందురు. సంవత్సరములను లెక్కించిన నది పొసగదు. గుడి 1213 నాటిది, గ్రంథము 40 ఏండ్ల తరువాతిది. కావున శిల్పియు శాస్త్రకారుడును ఒకే కాలపు జీవద్వాహినిగ నుండిన నాట్యమును చూచి, ఒకడు రాతిలోను, ఒకడు ఆకులలోను నిలిపిరని యెఱుగుట న్యాయము.

వస్త్రమును గూర్చి చెప్పునప్పుడు మోటుపల్లి రేవును మఱువరాదు. 1244లో గణపతిదేవు డచ్చట అభయశాసనము వేయించి, ఓడవర్తకులకు రక్షణ నిచ్చెను. అందు సుంకము విధింపబడిన సరకులలో పట్టునూలును కలదు. ఆ శతాబ్ది చివరను వచ్చిన మార్కోపోలో యను వెనిసు యాత్రికుడు ఈ దేశపు సన్నని నూలుబట్టలను సాలెపురుగు గూటితో పోల్చి మెచ్చుకొనెను.

నాట్యము వేషమును మార్చుట సర్వదేశములందును కలదు. ఐరోపాలో బాలే యను నాట్యమున పూర్వము స్త్రీలు వెదురుబుట్టలవలె నుబ్బిన బరువైన లంగాలు ధరించెడివారు. 18వ శతాబ్దమున కమార్గో యను నర్తకి తన యడుగుల నైపుణ్యము కనబడుటకై లంగాను కొంచెము కుఱుచ చేసెను. 1832లో పారిసునందు మేరీ తాల్యోని పిక్కలవఱకు దిగు తెల్లని పలుచని లంగాతో, గాలిలో తేలునట్లు ఆడి లోకమును ముగ్ధము గావించెను. వీధులలో స్త్రీలు ఉక్కుకమ్ముల లంగాలతో తలుపులలో పట్టక కష్టపడుచున్న కాలముననే, రంగస్థలముపై లంగా నానాటికి తేలికయై, శతాబ్దాంతమునకు మోకాళ్లు దాటి కుఱుచయయ్యెను. ఆ శోభకు మూల్యమును చెల్లింపవలసివచ్చినది. 1862లో ఎమ్మా లివ్రీ యను యువనర్తకి పలుచని లంగాకు గ్యాసుదీపపు మంట యంటుకొని, మఱుసటి యేడు ఆమె మరణించెను. నిప్పంటని మందు పూసిన బట్ట కలదు గాని, అది బిరుసై కాంతి తఱుగునని ఆమె ధరింప నిరాకరించియుండెను. అడుగు కనబడవలెను, అందము చెడరాదు అను కోరిక అచ్చటను ఇచ్చటను ఒక్కటే. మన పేరణి నర్తకుడు పిక్కలకు గజ్జెలు గట్టి, కాలి పనిని కన్నునకును చెవికిని గూడ అందించెను.

1323లో ఓరుగల్లు పడిపోయెను. కోట తోరణములు నిలిచినవి గాని, ఆస్థానపు ఆటపాటలు చెదరిపోయినవి. గీతరత్నావళియు వాద్యరత్నావళియు నేడు దొరకుట లేదు. గజసేనాధిపతి బలమును వానిని కాపాడలేకపోయినది. నృత్తరత్నావళి మాత్రము దూరమున తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమున వ్రాతప్రతిగ బ్రతికినది. డాక్టరు వి. రాఘవన్ దానిని పరిష్కరింపగా 1965లో మదరాసున అచ్చయినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగుసేత 1969లో వెలువడినది. నటరాజ రామకృష్ణగారు ఈ గ్రంథమును రామప్ప శిల్పములను ప్రక్కప్రక్కన నిడుకొని పేరణిని పునరుద్ధరించి, 1985లో శివరాత్రినాడు రామప్పగుడిలోనే ప్రదర్శింపజేసిరి. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వపు పట్టికలో చేరినది.

ఏడువందల యేండ్ల తరువాత గజ్జె మరల మ్రోగుటకు కారణము రాతిలో కొంత, తాళము వేసిన పుస్తకపు పెట్టెలో కొంత కలదు. మూడు రత్నావళులలో నొకటి మిగిలెను, రెండు పోయెను. మిగిలిన దానికి గ్రంథాలయ మొకటి ఆశ్రయ మిచ్చెను, పోయిన వానికి ఇచ్చువారు లేకపోయిరి. పాతికేండ్లు నిండిన పల్లె గ్రంథాలయమునకు జాయప జీవిత మిచ్చు హెచ్చరిక యిదియే. చెదలు పట్టనీయక కాపాడిన యొక్క పుస్తకము, ఎప్పుడో పుట్టబోవు బిడ్డకు తాతల యాటను మరల నేర్పగలదు.