యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త. మందుల సృష్టికర్తగా ఆంధ్రదేశములో ఇతనిని ఎరుగనివారు అరుదు. కాని శాస్త్రలోకములో ఇతని పేరు మొదట నిలిచినది ఒక రక్తపరీక్ష వలన. ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

బాల్యము, విద్య

1895 జనవరి 12న భీమవరములో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నములో గాని గట్టెక్కలేదు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే ప్రేగుల వ్యాధితో కొద్దికాలములోనే మరణించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురి అయ్యాడు. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కినది. 1919లో శేషగిరితో వివాహము జరిగినది. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సహాయముతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. ఖర్చులకు అక్కడి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశాడు.

రక్తములో భాస్వరము

హార్వర్డులో సైరస్ ఫిస్క్ వద్ద చేరి, రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలిచే పద్ధతిని రూపొందించాడు. ఇది 1925లో ప్రచురితమైనది. రక్తమునుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమునకు ఆమ్ల మాధ్యమములో అమ్మోనియం మాలిబ్డేటును, ఆపై ఒక క్షయకరణిని కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత గాఢమైతే భాస్వరము అంత ఎక్కువ. చూడటానికి ఇంత సులువైన ఈ ఉపాయము ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో పాఠ్యగ్రంథాలకు ఎక్కినది.

కండరములో రంగు ఆలస్యముగా పెరగడం గమనించి, దాని కారణము వెదుకుతూ వీరిద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. ఏటీపీని జర్మనీలో లోమన్, ఇక్కడ వీరు వేరువేరుగా 1929లో వెల్లడించారు.

రోగికి కూడ దీని ఫలము అందినది. రక్తములోని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము విడుదల చేసే భాస్వరమును ఇట్టి రంగు పద్ధతులతోనే 1930లలో కొలిచేవారు. పిత్తనాళము మూసుకొన్నప్పుడు, కాలేయములో కణితి ఉన్నప్పుడు ఇది పెరుగవచ్చు. ఎముకల వ్యాధులలోను పెరుగుతుంది కనుక ఇదొక్కటే చాలదు. నేటి యంత్రాలు సాధారణముగా భాస్వరమును కాక వేరొక రంగు పదార్థమును కొలుస్తాయి. కాలేయ క్యాన్సరు రోగి భవిష్యత్తును అంచనా వేసే కొన్ని సూచికలలో బిలిరుబిన్, ఆల్ఫా ఫీటోప్రోటీన్‌ల సరసన ఈ ఎంజైముకూ స్థానమున్నది. రోగి రక్తములో ఆల్ఫా ఫీటోప్రోటీన్‌ను గుర్తించినది 1964లో, అనగా సుబ్బారావు గతించిన 16 సంవత్సరాల తరువాత.

లెడర్లే సంస్థలో

ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము లభించలేదు. 1940లో లెడర్లే సంస్థలో చేరాడు. ఇతని నేతృత్వములోని బృందాలు కాలేయమునుండి ఫోలిక్ ఆమ్లమును వేరుచేసి, 1945 నాటికి కృత్రిమముగా తయారుచేశాయి. దానికి విరుద్ధముగా పనిచేసే అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు వాడి, 1948లో తాత్కాలిక ఉపశమనమును నివేదించాడు. మెథోట్రెక్సేట్ ఈ కోవలోనిదే. బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ కూడ అక్కడివే.

1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్కు రాష్ట్రములో నిద్రలోనే మరణించాడు. స్వదేశానికి తిరిగి రాలేదు. 1922లో విడిచి వెళ్ళిన భార్యను మరల చూడలేదు. 1995లో భారత ప్రభుత్వము ఇతని స్మారకముగా తపాలా బిళ్ళను విడుదల చేసినది.