సారంగపాణి (పదకర్త)

సారంగపాణి కార్వేటినగర సంస్థానానికి చెందిన తెలుగు వాగ్గేయకారుడు, పదకర్త. ఈయన 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం పూర్వార్ధంలో జీవించాడు. వేణుగోపాల ముద్రతో రెండు వందలకు పైగా పదాలు రచించాడు. సంగీత చరిత్రలో ఈయనను క్షేత్రయ్య అనుయాయిగా పేర్కొనడం పరిపాటి. అయితే పదానికి ఈయన తెచ్చిన మార్పును గమనిస్తే ఆ వర్ణన అసంపూర్ణమని తెలుస్తుంది.

జీవితం

కార్వేటినగరం చిత్తూరు జిల్లాలో పుత్తూరుకు సమీపంలో ఉంది. ఇక్కడి వేణుగోపాలస్వామి సారంగపాణికి ఇష్టదైవం. ఈయన సంస్థానాధిపతి మాకరాజు వెంకట పెరుమాళ్ రాజు ఆశ్రయంలో ఉండేవాడు. వర్ణాల రచనలో ప్రసిద్ధుడైన గోవిందసామయ్య కూడా ఈ సంస్థానానికి చెందినవాడే.

పద సంప్రదాయం

పదం విలంబ కాలంలో పాడే శృంగార గేయం. నాయిక, నాయకుడు, చెలికత్తెల మాటలుగా సాగుతూ అభినయానికి అనువుగా ఉంటుంది. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) శృంగార సంకీర్తనలతో దీనికి బాట వేశాడు. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రతో పదాలు రచించి మధుర, తంజావూరు, గోలకొండ ఆస్థానాలలో మన్ననలు పొందాడు. ఆ తరువాతి పదకర్తలందరినీ ఆయనతోనే పోల్చి చూడడం ఆనవాయితీ అయింది.

ప్రత్యేకత

క్షేత్రయ్య పదాలలో నాయిక మనోభావాల సూక్ష్మ చిత్రణ ప్రధానం. సారంగపాణి పదాలలో ఇంటి ముచ్చట్లు, ఎత్తిపొడుపులు, హాస్యం ఎక్కువగా కనిపిస్తాయి. జనం నోట నలిగే వాడుక మాటలను, జాతీయాలను ఈయన వెనుదీయక వాడాడు. సహాన రాగంలోని మొగడొచ్చి పిలచేడు అనే పదం ఇందుకు మంచి ఉదాహరణ. భర్త పిలవడానికి రాగా, ప్రియుని వద్ద సెలవు తీసుకుంటున్న స్త్రీ మాటలివి. అలంకార శాస్త్రంలోని పరకీయ నాయిక ఇక్కడ మన ఇరుగుపొరుగు ఇల్లాలిలా మాట్లాడుతుంది.

ఆదరణ

పదాలను తరతరాలుగా కాపాడినవారు దేవదాసీ కుటుంబాల గాయనులు, నర్తకులు. వారి వృత్తిపై సంఘంలో వ్యతిరేకత పెరగడం, 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం రావడం వలన శృంగార పదాలకు వేదికలు తగ్గాయి. అయినా వీణ ధనమ్మాళ్ కుటుంబానికి చెందిన టి. బృంద వంటి విద్వాంసులు పద గానాన్ని నిలిపారు. ఎ.కె.రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1994లో ప్రచురించిన ఆంగ్లానువాద సంకలనంలో క్షేత్రయ్య పదాలతో పాటు సారంగపాణి పదాలు కూడా చోటు చేసుకున్నాయి.

క్షేత్రయ్య పదాన్ని భావ గాంభీర్యంలో ఉన్నత స్థాయికి చేర్చగా, సారంగపాణి దానిని నిత్యజీవితపు భాషకు దగ్గర చేశాడు. తెలుగు పద చరిత్రలో ఈయన స్థానాన్ని నిర్ణయించేది అనుకరణ కాదు, ఈ మార్పే.