చిత్రకారిణి ఎమిలీ కార్

కెనడా దేశపు పడమటి యంచున, ఒకవైపు పసిఫిక్ మహాసముద్రమును, మఱియొకవైపు మంచుకొండలును గల సీమకు బ్రిటిష్ కొలంబియా యని పేరు. అచటి తీరమున వానలు మెండు. దేవదారు జాతి వృక్షములు నూఱడుగులకు మించి పెరిగి, పట్టపగలే అడవిలో చీకటి గల్పించును. ఆ యడవికిని, ఆ తీరమునకును రంగులలో రూపము గల్పించి శాశ్వతకీర్తి నార్జించిన వనిత ఎమిలీ కార్.

ఈమె 1871వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన విక్టోరియా నగరమున జన్మించెను. తండ్రి ఇంగ్లండునుండి వచ్చి స్థిరపడిన వర్తకుడు. 1886లో తల్లియు, 1888లో తండ్రియు గతించిరి. చిత్రకళయం దాసక్తి గల ఎమిలీ 1890లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి విద్య నారంభించెను. పిదప స్వస్థలమున పిల్లలకు చిత్రలేఖనము నేర్పి కూడబెట్టిన సొమ్ముతో 1899లో ఇంగ్లండున కేగెను. అచట జబ్బుపడి సుమారు 18 నెలలు ఆరోగ్యశాలలో గడపి, 1904లో స్వదేశమునకు మరలెను.

1907లో అక్కతో అలాస్కా యాత్ర చేసినపుడు ఆదివాసుల టోటెము స్తంభము లామె మనస్సు నాకర్షించెను. దేవదారు మ్రాకులపై కాకి, గ్రద్ద, ఎలుగుబంటి, తిమింగిలము మున్నగు రూపములు చెక్కి, వంశచరిత్రను దెలుపుటకై వానిని నిలిపెడివారు. 1862లో మశూచికము ప్రబలి వేలకొలది జనులు మరణించుటచే పెక్కు గ్రామములు పాడుపడెను. స్తంభములు కూలకమునుపే వానిని చిత్రించవలెనని ఎమిలీ సంకల్పించెను. 1910లో ఫ్రాన్సు వెళ్ళి, ప్రకాశవంతములైన రంగులతో, విశాలమైన కుంచె పోకడలతో చిత్రించు నూతన పద్ధతి నేర్చుకొనెను. 1912 వేసవిలో తీరగ్రామములు దిరిగి, వానకును దోమలకును ఓర్చి అనేక చిత్రములు వ్రాసెను. మఱుసటి యేడు వాంకూవరు నగరమున నొక మందిరము నద్దెకు గొని సుమారు 200 చిత్రములు ప్రదర్శించెను. కాని తగిన యాదరణ లభింపలేదు. రాష్ట్ర ప్రభుత్వమును వానిని గొనుట కంగీకరింపలేదు.

అంతట జీవనోపాధికై విక్టోరియాలో ఇల్లు గట్టించి యద్దెల కిచ్చెను. అద్దెకున్నవారి యవసరములు జూచుట, కుక్కపిల్లలను బెంచి యమ్ముట, మట్టిపాత్రలు చేసి కాల్చుట, గుడ్డపీలికలతో తివాచీలు కూర్చుట, ఇదియే దినచర్య యయ్యెను. సుమారు 15 సంవత్సరము లిట్లు గడచెను. కుంచె చేతబట్టుట యరుదయ్యెను.

1927లో ఒట్టావా నగరమందలి జాతీయ చిత్రశాలవారు పడమటితీరపు కళను ప్రదర్శింపదలచి, ఆమె పూర్వచిత్రములను దెప్పించుకొనిరి. ఒకనాడు కొనువారు లేక యింట బడియున్నవే నేడు రాజధానికి బయనమయ్యెను. అప్పు డామెకు 56వ యేడు. ఆ ప్రయాణమున టొరంటోలో లారెన్ హ్యారిస్ అను చిత్రకారుని పరిచయము గలిగెను. స్తంభములను గొంతకాలము విడిచి, అడవినే చిత్రింపుమని యాయన సలహా యొసగెను.

అది మొదలు ఎమిలీ యడవిలో బ్రవేశించెను. 1933లో పాత బండి యొకటి కొని దానికి ఏనుగని పేరిడి, కుక్కలతో, పెంపుడు కోతితో వేసవిలో చెట్లక్రింద నివసించెడిది. చవుకయగు మనీలా కాగితముపై, పెట్రోలుతో పలుచన చేసిన తైలవర్ణములతో వ్రాసెడిది. ఆ రంగులు త్వరగా నారును, మోయుటకు బరువుండదు, వేగముగా వ్రాయ వీలగును. ఒక్కొక యాకును దిద్దుట మాని, ఆకుల గుబురును సముద్రపుటలవలె నొక్క యూపున జూపెడిది. తీరమును వ్రాసినపు డాకాశమును, నీరును నొకే వెలుగులో గలిసిపోవును. 1935 నాటి చిత్రమొకటి ప్రసిద్ధము. చుట్టునున్న యడవిని నఱకివేయగా, కలపకు బనికిరాదని విడువబడిన సన్నని మ్రాను కాంతిమండలమున నిలిచి యాకసమును దాకుచుండును.

1937లో గుండెజబ్బు వచ్చి ప్రయాణములు తగ్గెను. అప్పు డామె కలము చేపట్టెను. ఆదివాసుల నడుమ తన యనుభవములను దెలుపు క్లీ విక్ అను గ్రంథము 1941లో వెలువడి గవర్నరు జనరలు బహుమానము నందెను. 1945 మార్చి 2వ తేదీన ఎమిలీ విక్టోరియాలోనే పరమపదించెను.

ఆదివాసుల కళ యంతరించునని యామె తలంచినది నిజము కాలేదు. హైడా మున్నగు జాతులవారు నేటికిని స్తంభములు చెక్కుచున్నారు. తెల్లవారు వారికిచ్చిన పేరును మార్చవలెనని తలచి, 1929లో ఆమె వ్రాసిన చర్చి చిత్రమునకు టొరంటో చిత్రశాలవారు 2018లో యూక్వాట్ గ్రామపు చర్చి యని పేరు మార్చిరి. అయినను ఆమె కృషి కొఱతపడలేదు. ఆదరణ లేని కాలమున వ్రాసిన చిత్రములే ఆదరణకు దారి చూపెను. తగిన సమయము రాలేదని పని మానదలచువారు ఈమె చరిత్రము నొకపరి చదువవలెను.