ఇల్లు మిగల్లేదు, చెరసాల మిగిలింది
భక్త రామదాసు బతుకు చెప్పే కట్టడాలు

శ్రీరామనవమి దగ్గర పడిందంటే మన పల్లెల్లో భద్రాచలం ప్రయాణం మాటే మాట. చద్ది మూటలు కట్టుకుని, పిల్లా పాపలతో బస్సులెక్కి, గోదావరిలో మునిగి, కల్యాణం చూసి, నాలుగు తలంబ్రాలు కొంగున కట్టుకుని తిరిగి వస్తాం. కానీ ఆ గుడి కట్టించిన మనిషి పుట్టిన చోటు చూసిన వారు మనలో ఎందరు? ఆయన చెరలో మగ్గిన గదిలోకి తొంగి చూసిన వారెందరు?

విదేశాల్లో ఒక మంచి పద్ధతి ఉంది. పేరున్న పాత ఇళ్లు, భవనాలు ఏడాదికోసారి రెండు రోజుల పాటు తలుపులు తెరిచి ఉంచుతారు. ఫ్రాన్సులో 1984లో, లండనులో 1992లో ఈ అలవాటు మొదలయింది. మామూలు రోజుల్లో గేటు దాటనివ్వని ఇళ్లలోకి కూడా ఆ రెండు రోజులు ఎవరైనా వెళ్లవచ్చు. దూలాలు, గోడలు, మెట్లు చూస్తూ ఆ ఇంటి మనుషుల కథ తెలుసుకుంటారు. మన దేశంలోనూ ఏటా ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం జరుపుతున్నారు. మన జిల్లా వారు అలా ఇల్లిల్లూ తిరిగి ఒక మనిషి కథ తెలుసుకోవాలంటే అందుకు తగినవాడు కంచర్ల గోపన్నే. లోకం ఆయన్ను భక్త రామదాసు అంటుంది.

నేలకొండపల్లి ఇల్లు

ఖమ్మానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది నేలకొండపల్లి. విరాటరాజు కొలువు ఇక్కడే ఉండేదని పెద్దలు చెబుతారు. ఊరి పక్కన బౌద్ధుల కాలపు పెద్ద స్తూపం బయటపడింది. ఇంత పాత ఊళ్లో 17వ శతాబ్దంలో లింగన్న మంత్రి, కామాంబ దంపతులకు గోపన్న పుట్టాడు. 1620 ప్రాంతంలో పుట్టాడని ఎక్కువ మంది చెప్పే మాట.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అది ఉన్న చోట భక్త రామదాసు ధ్యానమందిరం ఉంది. వచ్చినవారు దండం పెట్టుకుని, కాసేపు కూర్చుని వెళతారు. ఆ కాలంలో మన పల్లెల్లో కలిగినవారి ఇళ్లు కూడా మట్టి గోడలవే. గోడ మూరన్నర మందం, పైన టేకు దూలాలు, చుట్టూ అరుగులు. మూడు వందల ఏళ్ల వానలకు మట్టి గోడ నిలవడం కష్టం. నిలిచింది పేరే.

గోపన్న బాల్యం గురించి కథలెన్నో ఉన్నాయి. కబీరుదాసు వచ్చి తారక మంత్రం ఉపదేశించాడని హరికథల్లో వింటుంటాం. లెక్క చూస్తే కబీరు అంతకు నూరేళ్లకు ముందే గతించాడు. కాబట్టి ఆయనే స్వయంగా వచ్చి ఉండడు. అయినా ఒక ముస్లిం ఇంట పెరిగిన సాధువు రామభక్తుడికి గురువయ్యాడని మన జనం చెప్పుకోవడంలోనే ఒక అందముంది. ఈ నేల మీద ఇరు మతాల వారూ ఎలా కలిసి బతికారో ఆ కథ చెబుతుంది.

పాల్వంచ తహసీలు

గోపన్నకు మేనమామలు అక్కన్న, మాదన్న. 1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా గోలకొండ గద్దె ఎక్కాడు. మనం తానీషా అనేది ఆయన్నే. కొద్ది కాలానికే మాదన్న ఆ రాజ్యానికి ప్రధాని అయ్యాడు. అన్నదమ్ములిద్దరి మాటకూ దర్బారులో తిరుగు లేదు. ఆ మామల అండతోనే గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చాడు.

తహసీల్దారు పనంటే శిస్తు వసూలు. ఊరూరా తిరిగి, పంట చూసి, పన్ను కట్టించి, గోలకొండ ఖజానాకు చేర్చాలి. పాల్వంచ నుంచి భద్రాచలం వైపు అంతా అడవే. గోదావరికి అవతల కోయలు, కొండరెడ్ల గూడేలు. నది దాటాలంటే పడవే శరణ్యం. మనకు తెలిసిన వారధి 1965లో గానీ రాలేదు. ఆ దారుల వెంట శిస్తు లెక్కల కట్టలతో తిరిగిన గోపన్న ఒకనాడు భద్రగిరికి చేరాడు.

దమ్మక్క పాక

భద్రగిరి మీద రాముడికి మొదటి ఇల్లు కట్టింది రాజూ కాదు, తహసీల్దారూ కాదు. భద్రిరెడ్డిపాలెం గ్రామానికి చెందిన పోకల దమ్మక్క. పుట్టలో ఉన్న విగ్రహాలు ఆమెకు కలలో కనబడ్డాయని, గోదావరి నీళ్లు బిందెలతో తెచ్చి పోసి పుట్టమన్ను కరిగించిందని స్థలపురాణం. అడవిలో దొరికే కర్రలతో, ఆకులతో ఆమె ఒక పాక వేసింది. తాటిపండ్లు నైవేద్యం పెట్టింది.

ఈ పాకను చిన్నచూపు చూడరాదు. వెదురు తడికెకు మట్టి మెత్తి, పైన గడ్డో తాటాకో కప్పిన ఇంట్లోనే మన ఏజెన్సీ గూడేల్లో తరతరాలు బతికారు. ఎండకు చల్లన, చలికి వెచ్చన. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరాన ఉన్న పర్ణశాలలో సీతారాములు కూడా అలాంటి ఆకుల ఇంట్లోనే కాపురమున్నారని మన నమ్మకం. దమ్మక్క తన ఇల్లు ఎలా కట్టుకుందో దేవుడికీ అలాగే కట్టింది.

అక్కడి మూర్తి కూడా వేరెక్కడా కనబడని తీరు. రాముడికి నాలుగు చేతులు. కుడిచేత శంఖం, ఎడమచేత చక్రం. ఎడమ తొడ మీద సీతమ్మ. పక్కన లక్ష్మణుడు. ఆ మూర్తిని ఆ పాకలో చూసిన గోపన్న మనసు కరిగింది. గుడి కట్టాలని నిశ్చయించుకున్నాడు.

రాతి గుడి, శిస్తు సొమ్ము

గుడికి చందాలు అడిగితే జనం కాదనలేదు. కానీ అడవి పల్లెల చందాలతో రాతి గుడి లేవదు. గోపన్న చేతిలో ఉన్నది సర్కారు శిస్తు. దాన్నే తీసి గుడికి పెట్టాడు. ఆరు లక్షల వరహాలు ఖర్చయ్యాయని మనవాళ్లు చెప్పే లెక్క. గర్భగుడి, మండపం, ప్రాకారం లేచాయి. దేవుళ్లకు నగలు చేయించాడు. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, లక్ష్మణుడికి ముత్యాల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, రాముడికి కలికితురాయి. ఆయన చేయించిన నగలు కొన్ని ఇప్పటికీ దేవస్థానంలో ఉన్నాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఖజానా సొమ్ము జనం సొమ్ము. దుక్కి దున్నిన రైతు కట్టిన శిస్తు. దాన్ని పై అధికారి అనుమతి లేకుండా ఖర్చు చేయడం ఏ కాలంలోనైనా తప్పే. నేడు ఒక తహసీల్దారు అదే పని చేస్తే ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది. గోపన్న ఒక్క కాసు సొంత ఇంటికి వాడుకోలేదు. అయినా లెక్క లెక్కే. రాజు అడగడం న్యాయం. ఇవ్వలేకపోవడం గోపన్న ఇబ్బంది. భక్తి ఒక వైపు, బాధ్యత ఒక వైపు. ఆయన బతుకులోని అసలు చిక్కు ఇదే. మేనమామలు ఎంత పెద్ద పదవిలో ఉన్నా ఈ చిక్కు నుంచి ఆయన్ను తప్పించలేకపోయారు.

గోలకొండ చెర

హైదరాబాదు వెళ్లిన మనవాళ్లు గోలకొండ ఎక్కకుండా రారు. బాలాహిస్సారు దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ పైన వినబడుతుందని పిల్లలకు చూపిస్తారు. లోపలికి వెళ్లాక అక్కన్న మాదన్నల కచేరీలు అని చెప్పే పాత కట్టడాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి మెట్లెక్కుతూ పోతే రామదాసు బందీఖానా వస్తుంది. మామల కచేరీ కింద, మేనల్లుడి చెర పైన. ఈ రెండూ ఒకే కోటలో చూసినప్పుడు మనసు కలుక్కుమంటుంది.

అది మొదట సామాను దాచే కొట్టు అని చెబుతారు. మందమైన రాతి గోడలు, ఎత్తైన కప్పు, తక్కువ వెలుతురు. గోడ మీద సీతారామలక్ష్మణుల, ఆంజనేయుడి బొమ్మలున్నాయి. రామదాసే చెక్కాడని నమ్మకం. ఇప్పటికీ వాటి ముందు దీపం పెట్టి మొక్కేవారున్నారు.

ఇక్కడ ఆయన 12 ఏళ్లు ఉన్నాడని చెప్పుకుంటాం. తానీషా ఏలుబడి మొత్తం 15 ఏళ్లే. అంటే ఆ రాజు రాజ్యం చేసిన కాలంలో ఎక్కువ భాగం ఈయన చీకట్లోనే గడిపాడన్నమాట. ఆ చీకట్లోనే కీర్తనలు పుట్టాయి. ఒక కీర్తనలో ఆయన రాముడికే లెక్క అప్పజెబుతాడు. ఏ నగకు ఎంత పట్టిందో వరుసగా చెబుతాడు. చింతాకు పతకానికి పదివేల వరహాలు అంటాడు. ఎవరి సొమ్మని కులుకుతున్నావని నిలదీస్తాడు. దెబ్బలు ఓర్వలేక అలా అన్నానని వెంటనే మన్నింపు వేడుకుంటాడు. చెరలో పడినా తహసీల్దారు లెక్క మరవలేదు, భక్తుడు ప్రేమ మరవలేదు. చదువు రాని మన పల్లె తల్లులకు కూడా ఈ పాటలు నోటికి రావడానికి కారణం అదే. అందులో ఉన్నది పండితుడి మాట కాదు, బాధపడిన మనిషి మాట. దాశరథీ శతకం రాసినదీ ఆయనే.

రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకుల రూపంలో రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు కట్టి రసీదు రాయించుకున్నారన్నది ఊరూరా తెలిసిన కథ. గోపన్న విడుదలయ్యాడు. తానీషా మనసు మారింది. భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆయనతో మొదలయిందని చెబుతారు. రాజ్యాలు మారినా ఆ ఆచారం ఆగలేదు. నేటికీ రాష్ట్ర ప్రభుత్వం తరఫున పట్టుబట్టలు, ముత్యాల తలంబ్రాలు వస్తున్నాయి.

బంధించినవాడూ బందీ అయ్యాడు

తరువాత జరిగింది చరిత్ర. 1686లో అక్కన్న, మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో ఔరంగజేబు సేనలు నెలల తరబడి ముట్టడించాక, లోపలివాడే ఒకడు రాత్రివేళ తలుపు తీయగా గోలకొండ పడిపోయింది. తానీషాను పట్టుకుని దౌలతాబాదు కోటకు పంపారు. 1699 ప్రాంతంలో చనిపోయే వరకు ఆయన అక్కడే బందీగా ఉన్నాడు. లెక్కేస్తే అదీ సుమారు 12 ఏళ్లే. ఇది దేవుడి లెక్క అని కొందరంటారు. కాకతాళీయమని కొందరంటారు. ఏదయినా, దౌలతాబాదులో చీనీమహల్ చూసినవారికి గోలకొండలోని కొట్టు గుర్తు రాక మానదు.

రామదాసు పాట మాత్రం ఏ కోటలోనూ ఆగలేదు. తంజావూరు సీమలో త్యాగరాజస్వామి ఆయన్ను తన కీర్తనల్లో తలచుకున్నాడు. 19వ శతాబ్దంలో గుంటూరు నుంచి తూము నరసింహదాసు భద్రాద్రికి వచ్చి రామదాసు బాటలో స్వామి సేవలు నడిపించాడు. చిత్తూరు నాగయ్య 1964లో రామదాసు కథను సినిమాగా తీశాడు. 2006లో శ్రీరామదాసు వచ్చింది. ఖమ్మంలో నాటకాలు, సభలు జరిగే భక్త రామదాసు కళాక్షేత్రం ఆయన పేరు నిలుపుతున్నది.

మనం చేయదగింది

భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడ్డాక గోపన్న పుట్టిన ఊరు ఒక జిల్లాలో, కట్టిన గుడి మరొక జిల్లాలో ఉండిపోయాయి. జిల్లాలు రెండైనా కథ ఒక్కటే.

ఆ కథలోని కట్టడాలను ఒకసారి లెక్కబెట్టండి. దమ్మక్క పాక లేదు. గోపన్న పుట్టిన మట్టి ఇల్లు లేదు. గుడి తరతరాలుగా బాగుచేతలు పొంది కొత్త రూపు దాల్చింది. ఆయన ఉన్న నాటి గోడలతో మిగిలిందని చెప్పదగింది ఆయన్ను బంధించిన గదే. రాజులు రాతితో కట్టారు కనుక చెర మిగిలింది. సామాన్యుడు మట్టితో కట్టాడు కనుక ఇల్లు కరిగింది. కరిగేటప్పుడు దాని కొలతలు రాసి పెట్టినవారు లేరు.

ఇప్పుడూ మన ఊళ్లలో అదే జరుగుతున్నది. మండువా లోగిళ్లు కూలుతున్నాయి. టేకు స్తంభాలు అడితీలకు పోతున్నాయి. గూడేల్లో తడికె గోడల ఇళ్లు తగ్గి సిమెంటు పెట్టెలు లేస్తున్నాయి. వాన కురవని ఇల్లు ఎవరికైనా కావలసిందే. దాన్ని తప్పు పట్టలేం. కానీ పాత ఇల్లు పడగొట్టే ముందు నాలుగు ఫొటోలు తీయించి, ఎవరు కట్టారో, ఏ కర్ర ఎక్కడి నుంచి వచ్చిందో తాతను అడిగి రాసుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బడి పిల్లలకు ఆ పని అప్పగిస్తే వారే సంతోషంగా చేస్తారు. ఊరి పండుగ నాడు ఇంకా నిలిచి ఉన్న పాత ఇంటి వారు ఒక్క పూట తలుపు తీసి ఉంచితే, పిల్లలు వరుసగా వచ్చి చూసి పోతారు.

ఈసారి నవమికి భద్రాచలం వెళ్లేవారు వీలు చూసుకుని నేలకొండపల్లి కూడా వెళ్లి రండి. ధ్యానమందిరంలో కాసేపు కూర్చోండి. రాముడికి రాతి ఇల్లు కట్టించిన మనిషి ఇల్లు ఇక్కడే ఉండేదని మీ పిల్లలకు చెప్పండి.