దీపస్తంభానికి చూపునిచ్చిన గుస్తాఫ్ డాలెన్

చీకటి రాత్రి సముద్రంపై పయనించే నావికునికి తీరాన మెరిసే దీపమే ప్రాణరక్ష. అది వెలుగుతున్నంతకాలం దాని సంగతి ఎవరికీ పట్టదు. ఆరిపోయిన రాత్రి మాత్రం ఓడలు రాతిగుట్టలకు బలి అవుతాయి. అందువలననే పూర్వం దీపస్తంభాల వద్ద కాపరులు నివసించేవారు. పొద్దుగూకగానే దీపం వెలిగించడం, రాత్రంతా మేలుకొని దానిని కనిపెట్టి ఉండడం, తెల్లవారగానే ఆర్పివేయడం వారి విధి. జనసంచారం లేని రాతిదిబ్బలపై, తుఫానుల నడుమ, నెలల తరబడి వారు బ్రతుకు వెళ్ళబుచ్చేవారు. కాపరిని నిలుపుటకైనా చోటు లేని గుట్టలమీద దీపమే ఉండేది కాదు.

ఆ కాపరి పనిని ఒక చిన్న యంత్రానికి అప్పగించిన మహనీయుడు స్వీడన్ దేశీయుడైన నిల్స్ గుస్తాఫ్ డాలెన్. పగటికీ రాత్రికీ గల భేదాన్ని తానే గుర్తించి, తానే వెలిగి, తానే ఆరే దీపాన్ని ఆయన లోకానికి ప్రసాదించారు. దీపానికి చూపునిచ్చిన ఆ శాస్త్రజ్ఞుడు తన చూపును మాత్రం ఆ కృషిలోనే పోగొట్టుకొన్నారు. విజ్ఞాన చరిత్రలో ఇంతటి విషాదమూ, ఇంతటి ధైర్యమూ కలిసిన జీవితాలు అరుదు.

బాల్యము - విద్య

డాలెన్ 1869 నవంబరు 30వ తేదీన స్వీడన్‌లోని స్టెన్‌స్టోర్ప్ అనే గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. చిన్ననాట పుస్తకాలకంటె పనిముట్లమీదనే ఆయనకు మక్కువ ఎక్కువ. ఒక పాత గడియారాన్ని సవరించి, ఉదయం నిర్ణీత వేళకు అదే అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించేటట్లు, కాఫీ కాచేటట్లు, పిమ్మట తనను నిద్ర లేపేటట్లు ఏర్పాటు చేసుకొన్నారని చెబుతారు. మనిషి చేయి పడకుండా వేళకు దీపం వెలగాలి అన్న కోరిక ఆ బాలుని మనస్సులో అప్పటికే నాటుకొని ఉన్నదన్నమాట.

యౌవనంలో ఆయన వ్యవసాయమే వృత్తిగా స్వీకరించి, తండ్రి పొలానికి తోడు కూరగాయల తోటను, విత్తనాల వ్యాపారాన్ని, పాడి పరిశ్రమను అభివృద్ధి గావించారు. పాలలో వెన్న శాతం ఎంతో కొలిచే పరికరం ఒకటి స్వయంగా తయారు చేసి, 1892లో దానిని తీసుకొని స్టాక్‌హోమ్ నగరానికి వెళ్ళారు. పాలనుండి మీగడను వేరుచేసే యంత్రంతో లోకప్రసిద్ధులైన గుస్తాఫ్ డి లావల్‌కు దానిని చూపించారు. అటువంటి పరికరాన్నే డి లావల్ అప్పటికే రూపొందించి ఉన్నారు. అయినను, చదువు లేని పల్లెటూరి యువకుడు తన ఆలోచననే స్వతంత్రంగా అందుకొన్నందుకు ఆయన మిక్కిలి ఆశ్చర్యపడి, ముందు శాస్త్రీయమైన విద్య నభ్యసించవలసిందని హితవు చెప్పారు.

డాలెన్ ఆ మాటను శిరసావహించారు. ఇరవై మూడేండ్ల వయస్సు దగ్గరపడుతున్న తరుణంలో, సాగుతున్న వ్యవసాయాన్ని వదలి మరల విద్యార్థి కావడం సులభం కాదు. ఆయన గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ సంస్థలో చేరి 1896లో ఇంజనీరుగా పట్టం పొందారు. తదుపరి ఒక సంవత్సరం స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో ఉన్నత విద్య నభ్యసించి స్వదేశానికి మరలివచ్చారు.

ప్రకాశమూ ప్రమాదమూ గల వాయువు

ఆ రోజులలో ఎసిటిలీన్ అనే వాయువు ఇంజనీర్ల దృష్టిని ఆకర్షించింది. కాల్షియం కార్బైడుపై నీరు పడినప్పుడు వెలువడే ఈ వాయువు తెల్లని, తీక్ష్ణమైన కాంతితో మండుతుంది. మన పెద్దలు ఎరిగిన కార్బైడు దీపాలలో మండేది ఇదే. తీరదీపాలకు ఇది ఎంతో అనువైనది. కాని దీనికి ఒక ఘోరమైన దుర్గుణం గలదు. అధిక పీడనంతో సిలిండరులో కుదించినచో, గాలి సోకకున్నను, ఇది తనంతట తాను విచ్ఛిన్నమై బ్రద్దలవుతుంది.

1896 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనుగొన్నారు. ఎసిటోన్ అనే ద్రవం తన ఘనపరిమాణానికి దాదాపు 25 రెట్లు ఎసిటిలీన్‌ను కరిగించుకొంటుంది. పీడనం పదిరెట్లు చేసినచో 250 రెట్లు వరకు ఇముడ్చుకొంటుంది. ఈ ద్రావణాన్ని సూక్ష్మరంధ్రాలు గల పదార్థంలో పీల్పించి సిలిండరులో ఉంచితే ప్రమాదం తగ్గుతుంది. కాని రవాణాలో కుదుపులకు ఆ పదార్థం నలిగి, లోపల ఖాళీలు ఏర్పడేవి. ఆ ఖాళీలలో చేరిన వాయువు మరల ప్రాణాంతకమయ్యేది.

1901లో డాలెన్ ఎసిటిలీన్ వ్యాపారం చేసే ఒక స్వీడిష్ సంస్థలో సాంకేతికాధికారిగా చేరారు. 1906లో గ్యాస్ అక్యుములేటర్ కంపెనీకి ప్రధాన ఇంజనీరు అయ్యారు. 1909లో అది పునర్వ్యవస్థీకరింపబడి ‘ఆగా’ అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది. దాని అధిపతి డాలెనే. కుదుపులకు నలగని, పగుళ్ళు రాని దృఢమైన పదార్థాన్ని ఆయన తయారు చేసి సిలిండర్లను నింపారు. సంస్థ పేరు మీదుగానే దానికి ‘ఆగా ద్రవ్యం’ అనే పేరు వచ్చింది. ఆ విధంగా ఎసిటిలీన్‌ను దూరప్రాంతాలకు నిర్భయంగా చేరవేయడం సాధ్యమైంది.

మెరుపు దీపము - సూర్యకవాటము

అయినను ఎసిటిలీన్ ఖరీదైన వాయువు. రాత్రింబగళ్ళు మండిస్తే సిలిండర్లు త్వరగా ఖాళీ అవుతాయి. తుఫాను వేళ గుట్టమీదికి క్రొత్త సిలిండర్లు చేర్చడం మాటలు కాదు. ఇక్కడనే డాలెన్ ప్రతిభ పూర్తిగా వికసించింది.

మొదట ఆయన 1905లో మెరుపు దీపాన్ని కల్పించారు. వాయువు ఒక చిన్న గదిలో క్రమంగా నిండి, సాగే పొరను నెట్టుతుంది. పొర ఒక హద్దు చేరగానే కవాటం తటాలున తెరుచుకొని వాయువు బర్నరులోకి దూకుతుంది. ప్రక్కనే సదా వెలిగే అతి చిన్న పైలట్ జ్వాల దానిని అంటిస్తుంది. గది ఖాళీ కాగానే కవాటం మూసుకొంటుంది. మరల నిండడం ఆరంభమవుతుంది. దీనిని నడుపుటకు గడియారం గాని, విద్యుత్తు గాని అక్కరలేదు. వాయువుయొక్క ఒత్తిడియే చాలును. మూడు సెకన్ల కాలంలో సెకనులో పదింట మూడు వంతులు మాత్రమే దీపం వెలిగిందనుకొందాం. వాయువు ఖర్చు పదింట ఒక వంతుకు దిగిపోతుంది. అంతేకాక, ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క తీరు మెరుపును అమర్చవచ్చును గనుక, తాను చూస్తున్న దీపం ఏదో నావికుడు సులభంగా గుర్తించగలడు.

కాని పగటివేళ మెరిసే దీపం వలన ప్రయోజనమేమి? ఆ వ్యర్థాన్ని కూడ నివారించుటకు డాలెన్ 1907లో ప్రసిద్ధమైన సూర్యకవాటాన్ని నిర్మించారు. దాని సూత్రం మన కళాశాల విద్యార్థులందరికీ తెలిసినదే. నల్లని వస్తువు కాంతిని గ్రహిస్తుంది. నునుపైన, మెరిసే వస్తువు దానిని త్రిప్పికొడుతుంది. గాజు గొట్టంలో నడుమ ఒక నల్లని లోహపు కడ్డీ, దాని చుట్టూ బాగా మెరుగుపెట్టిన మూడు కడ్డీలు ఉంటాయి. గాలి వేడెక్కినా చల్లబడినా నాలుగు కడ్డీలూ సమానంగా సాగుతాయి, సమానంగా కుదించుకొంటాయి. కనుక ఎండాకాలమైనా చలికాలమైనా కవాటం మోసపోదు. పగటి వెలుతురు సోకినప్పుడు మాత్రం నల్లని కడ్డీ మిగిలిన మూడింటికంటె కొంచెం ఎక్కువ సాగుతుంది. కంటికి కానరాని ఆ స్వల్ప భేదాన్ని ఒక మీటకు అందించి, దానితో వాయువు దారిని మూయించారు డాలెన్. సంధ్యవేళ కడ్డీ కుదించుకొనగానే దారి తెరుచుకొంటుంది. పట్టపగలు దట్టమైన పొగమంచు క్రమ్మి వెలుతురు తగ్గినను దీపం దానంతట అదే వెలుగుతుంది. పైలట్ జ్వాల మాత్రం రేయింబవళ్ళు ఆరకుండా కాచుకొని ఉంటుంది.

ఈ రెండు యంత్రాలు కలిసి వాయువు ఖర్చులో నూటికి 90 పాళ్ళకు పైగా ఆదా చేశాయి. ఒకసారి సిలిండర్లు అమర్చి వచ్చినచో దాదాపు ఏడాది పొడవునా దీపం మనిషి చేయి పడకుండా వెలిగేది. ఇంత సులభమైన పరికరం నిజముగా పనిచేయునా అని మొదట నమ్మనివారు ఎందరో ఉండిరి. పరీక్షించి చూచిన తరువాత సందేహించినవారు లేరు. వేలాది దీవులు, రాతిగుట్టలతో నిండిన స్వీడన్ తీరం క్రొత్త దీపాలతో మెరిసింది. 1914లో ఓడల రాకపోకలకు తెరువబడిన పనామా కాలువకు సైతం డాలెన్ సంస్థ దీపాలు సమకూర్చింది.

ప్రమాదము - బహుమానము

1912వ సంవత్సరం డాలెన్ జీవితాన్ని రెండు ముక్కలు చేసింది. అగ్నిప్రమాదంలో చిక్కిన సిలిండరు ఎంతవరకు తట్టుకొంటుందో తెలిసికొనుటకు ఆయన పరీక్షలు జరుపుతున్నారు. దూరాన మారుమూల తీరంలో ఆ సిలిండరును వాడే అనామకుని భద్రతయే ఆ పరీక్షల ఉద్దేశం. సంస్థకు అధిపతి అయి ఉండి ఆయన ఆ పనిని క్రింది ఉద్యోగికి వదలివేయవచ్చును. వదలలేదు. సిలిండరు ప్రేలిపోయింది. శరీరం తీవ్రంగా కాలిపోయింది. ప్రాణం దక్కింది గాని రెండు కన్నులూ శాశ్వతంగా పోయాయి. అప్పటికి ఆయన వయస్సు నలుబది రెండు. ఆయన సోదరుడు ఆల్బిన్ డాలెన్ పేరుమోసిన కంటివైద్యులు. ఆ వైద్యశాస్త్రం కూడ సోదరుని చూపును తిరిగి తేలేకపోయింది.

ఆ ఏడాదియే స్వీడిష్ విజ్ఞాన అకాడమీ, దీపస్తంభాలకు, సముద్రంపై తేలే దీపాలకు వాడే స్వయంచాలక నియంత్రణ సాధనాలు కనుగొన్నందుకు, డాలెన్‌కు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం ప్రకటించింది. డిసెంబరులో జరిగిన ఉత్సవానికి ఆయన హాజరు కాలేకపోయారు. ఆయన తరఫున ఆల్బిన్ డాలెన్ బహుమానం స్వీకరించారు.

ఈ ఎంపికను విమర్శించేవారు నేటికీ గలరు. ఆ సంవత్సరం పరిశీలనకు వచ్చినవారిలో మాక్స్ ప్లాంక్, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వంటి ఉద్దండులున్నారు. వారి సిద్ధాంతాలు విశ్వస్వరూపాన్ని గురించిన భావననే మార్చివేశాయి. దీపం వెలిగించే కవాటాన్ని వాటితో పోల్చవచ్చునా అని ప్రశ్న. సిద్ధాంతపు లోతును బట్టి చూస్తే పోల్చరాదు. కాని మానవజాతికి అత్యధిక ప్రయోజనం చేకూర్చినవారికి ఈ బహుమానం చెందాలని నోబెల్ తన వీలునామాలో నిర్దేశించారు. భౌతికశాస్త్రంలో ఆవిష్కరణకే గాక యంత్రకల్పనకు కూడ అర్హత ఉన్నదన్నారు. ప్లాంక్‌కు 1918వ సంవత్సరపు బహుమానం, ఐన్‌స్టీన్‌కు 1921వ సంవత్సరపు బహుమానం తరువాత లభించనే లభించాయి. డాలెన్ దీపాల వెలుగులో ఒడ్డు చేరిన నావికులను ఓటు అడిగి ఉంటే తీర్పు ఎటు వచ్చేదో ఊహించుట కష్టం కాదు.

అంధకారంలో పాతికేండ్లు

చూపు కోల్పోయిన మనిషి ఇక విశ్రాంతి తీసుకొంటాడని పలువురు భావించి ఉంటారు. డాలెన్ కోలుకొనగానే మరల సంస్థ బాధ్యతలు చేపట్టారు. ఒక సంవత్సరం, రెండు సంవత్సరాలు కాదు. మరణించేవరకు పాతికేండ్లు ఆ సంస్థను నడిపించారు. చూడలేని నమూనాను చేతితో తడిమి, గీయలేని పటాన్ని మనస్సులో నిలుపుకొని, సహచరులకు వివరించి పని జరిపించారు.

ఈ కాలంలో ఆయన కల్పించిన వాటిలో 1922 నాటి ‘ఆగా పొయ్యి’ ముఖ్యమైనది. ఇంటిపట్టున ఉండవలసి వచ్చిన రోజులలో, తన భార్య ఎల్మా నిత్యం పొయ్యివద్ద ఎంత శ్రమపడుతున్నదో ఆయన గ్రహించారని చెబుతారు. కన్నులున్నప్పుడు కానరాని కష్టం కన్నులు లేనప్పుడు కనిపించిందన్నమాట. దళసరి పోత ఇనుముతో చేసి, వేడి బయటికి పోకుండ కప్పిన ఆ పొయ్యిలో చిన్న నిప్పు ఎడతెగక మండుతుంది. ఆ వేడిని ఇనుము నిలువ చేసికొని, ఎప్పుడు కావలసిన అప్పుడు వంటకు అందిస్తుంది. నిప్పు తీవ్రతను పొయ్యి తానే సవరించుకొంటుంది. గుట్టమీది దీపంలో వాడిన ఆలోచనయే ఇక్కడ వంటింటికి వచ్చింది: చిన్న జ్వాలను ఆరనీయకూడదు, పెద్ద జ్వాలను వృథా కానీయకూడదు.

1937 డిసెంబరు 9వ తేదీన స్టాక్‌హోమ్ చెంతనున్న లిడింగో దీవిలోని స్వగృహంలో డాలెన్ కన్నుమూశారు.

నేటి విద్యార్థికి

కాలక్రమాన విద్యుత్తు వ్యాపించి ఎసిటిలీన్ దీపాలు మరుగున పడ్డాయి. అయినను స్టాక్‌హోమ్ రేవు ముఖద్వారాన గల బ్లాక్‌హుసుడెన్ దీపస్తంభంలో 1912లో అమర్చిన డాలెన్ సాధనం 1980 వరకు పనిచేసింది. పిమ్మట అక్కడ కూడ విద్యుద్దీపం వచ్చింది. నేడు వీధిదీపం పొద్దుగూకగానే తనంతట వెలుగుటకు నల్లని కడ్డీ అక్కరలేదు; కాంతిని గుర్తించే విద్యుత్ సాధనం చాలును. పైలట్ జ్వాల గల గ్యాసు పరికరాలలో ఆ జ్వాల వేడికి పుట్టే అతి స్వల్ప విద్యుత్తు ఒక అయస్కాంత కవాటాన్ని తెరచి పట్టి ఉంచుతుంది. జ్వాల ఆరినచో విద్యుత్తు ఆగి, కవాటం మూసుకొని, ఇంటివారిని ప్రమాదం నుండి కాపాడుతుంది. సాధనాలు మారినవి. మనిషి నిద్రించినను మెలకువగా ఉండే కవాటం కావాలన్న డాలెన్ సంకల్పం మారలేదు.

పాఠ్యగ్రంథంలో ఘనపదార్థాల వ్యాకోచం, నల్లని తలం కాంతిని గ్రహించడం మనం పరీక్షలకోసం చదివి మరచిపోయే రెండు చిన్న పాఠాలు. ఆ రెండింటినే డాలెన్ ఒక రాతిగుట్టమీదికి తీసుకొనిపోయి వేలమంది ప్రాణాలకు కాపలా ఉంచారు. ఇరవై రెండేండ్ల వయస్సులో చదువు చాలదని గ్రహించి బడికి వెళ్ళినప్పుడూ, నలుబది రెండేండ్ల వయస్సులో లోకమంతా చీకటి అయినప్పుడూ, ఆయనలో ఆరకుండా నిలిచిన పైలట్ జ్వాల ఒక్కటే. ప్రయోగశాలలో చిన్న పరికరాన్ని చేతికి తీసుకొన్నప్పుడు విద్యార్థి మిత్రులు ఆ అంధ ఇంజనీరును ఒక్కసారి తలచుకొందురు గాక!