విప్పి బిగించుకున్న బండికి వీడ్కోలు

ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్ని మూడు నాలుగు దశాబ్దాలు మోసిన పాత జీపు దారి మీద నుంచి తప్పుకుంది. ఒకప్పుడు పీలేరు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు సెంటర్లలో వరసగా నిలబడి, పల్లె పేర్లు అరిచి మనుషుల్ని ఎక్కించుకున్న బండి అది. ఇప్పుడు ఆ చోట ఆటోలు, మ్యాజిక్ వ్యాన్లు ఉన్నాయి. జీపెక్కిన రోజుల్ని తలుచుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. దాన్ని ముక్కముక్కగా విప్పి, మన అవసరానికి తగ్గట్టు మళ్ళీ బిగించిన చేతుల్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. ఈ నివాళి ఆ బండికి, ఆ చేతులకు కలిపి.

జీపు పుట్టింది అమెరికా సైన్యం కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను, 60 గుర్రాల బలం, నాలుగు చక్రాలకూ లాగుడు. యుద్ధం ముగిశాక మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపు విడిభాగాలు తెప్పించి ముంబయిలో బిగించడం మొదలుపెట్టింది, తరవాత ఇక్కడే తయారు చేసింది. 1952లో సమాజ వికాస పథకం వచ్చాక మన పల్లెలకు బ్లాకు అభివృద్ధి అధికారి (బి.డి.ఓ.) జీపు వచ్చింది. బస్సు ముఖం చూడని ఊళ్ళకు మొదట వచ్చిన మోటారు బండి చాలాచోట్ల అదే. పశువుల డాక్టరు, టీకాలవాళ్ళు, వ్యవసాయ ఆఫీసరు అందులోనే దిగారు.

సర్కారు వాడి వదిలేసిన జీపులు వేలానికొచ్చాయి. అక్కడే వాటి రెండో జన్మ మొదలైంది. కొన్నవాడికి బండి చవగ్గానే దొరికేది, కానీ దానికి పెట్రోలు పోసి బతకడం కష్టం. 1973 చమురు సంక్షోభం తరవాత అది మరీ భారమైంది. దాంతో బండి మెకానిక్ షెడ్డుకు చేరేది. పెట్రోలు ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కించేవాళ్ళు.

చెప్పినంత తేలిక పని కాదది. డీజిల్ ఇంజను బరువెక్కువ, అదురెక్కువ. పాత ఇంజను కూర్చున్న పట్టీలు కోసి, కొత్త కొలతకు వెల్డింగ్ చేయాలి. ఇంజనుకూ గేరు బాక్సుకూ బోల్టు రంధ్రాలు కలవకపోతే నడుమ ఒక దళసరి ప్లేటు లేతు మీద తిప్పించి పెట్టాలి. ఇంజను కూర్చున్న తీరును బట్టి గేరు బాక్సు వెనక్కి జరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు కోసి పొట్టి చేయాలి. అది వెంట్రుకవాసి వంకరపోయినా బండంతా వణుకుతుంది. ముందు బరువుకు కమాను పట్టీ ఒకటి అదనంగా వేయాలి. రేడియేటరు జరపాలి, పెద్ద బ్యాటరీ పెట్టాలి. ఆ తరవాత వెనక బాడీ పొడిగించి, ఎదురెదురుగా బెంచీలు వేసి, పైన క్యారియరు, దాని కింద రెగ్జిన్ టాపు. డ్రాయింగు లేదు, కంపెనీ పుస్తకం లేదు. చాకుపీసుతో ఇనుము మీద గీసిన గీతే ప్లాను.

ఇదే పని భూమికి అవతలి వైపున ఇంకొక ఆశతో జరిగింది. ఫోర్డ్ మోడల్ టి 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైంది. 1932లో అదే కంపెనీ 65 గుర్రాల బలమున్న వీ-8 ఇంజనును సామాన్యుడు కొనగల కారులో పెట్టింది. ఆ పాత కార్లు చవకబడ్డాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు వాటి మడ్‌గార్డులు పీకి, టాపు కోసి, బరువు తగ్గించి, ఇంజనుకు పదును పెట్టి, మ్యూరాక్ దగ్గర ఎండిపోయిన చెరువు నేల మీద పరుగు తీయించారు. వాటినే హాట్ రాడ్లన్నారు. వాళ్ళు వేగం వెతుక్కున్నారు. మనవాళ్ళు రోజు కూలి గిట్టే దారి వెతుక్కున్నారు. రెండింటికీ ఆధారం మాత్రం ఒకటే: ఆ కాలపు అమెరికా బండ్లకు చట్రం వేరు, బాడీ వేరు. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, నడుమ అడ్డకమ్మీలు, వాటి మీద బోల్టులతో నిలిచిన ఇంజను. స్పానరు పట్టగల ఎవరికైనా ఆ బండి లొంగుతుంది.

మన సీమలో దానికి తోడు కొండలున్నాయి. కొండెక్కడం తొలినాటి మోటార్లకు పెద్ద అవస్థ. మోడల్ టి కారుకు సీటు కింద ట్యాంకు నుంచి పెట్రోలు దానంతటదే ఇంజనుకు జారాలి. ట్యాంకులో పెట్రోలు తక్కువై, ఎక్కుడు మరీ నిట్రంగా ఉంటే జారేది కాదు. అందుకని బండిని వెనక్కి తిప్పి రివర్సు గేరులో కొండెక్కించేవాళ్ళు. 1944లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచే నాటికి మోటార్లు ఆ అవస్థ దాటాయి. అయినా తిరుమల, మొగిలి, భాకరాపేట ఘాట్లు, హార్సిలీ హిల్స్ దారి ఏ ఇంజను సత్తానైనా బయటపెడతాయి. డీజిల్ వేసిన జీపుకు పరుగు తక్కువ, లాగుడు ఎక్కువ. చిన్న గేరులో మెల్లగా, నిండు లోడుతో మలుపు మలుపూ ఎక్కేది. 1985లో మహీంద్రా కంపెనీ ప్యూజో డీజిల్ ఇంజనుతో ఎం.ఎం.540 జీపు తెచ్చింది. షెడ్డుల్లో మనవాళ్ళు ఏ దారి పట్టారో కంపెనీదీ అదే దారి.

సినిమాలు రాయలసీమ జీపంటే కత్తులూ బాంబులూ అన్నాయి. మా జీపులో ఉన్నవి పాల క్యాన్లు, టమాటా గంపలు, శనక్కాయ మూటలు, పట్టుగూళ్ళు. పరీక్ష రాయబోయే పిల్లలున్నారు. నొప్పులు మొదలైన ఆడబిడ్డను అర్ధరాత్రి మదనపల్లెకో తిరుపతికో చేర్చింది అదే. డ్రైవరన్న ఆ రాత్రి బాడుగ అడిగేవాడు కాదు. తెల్లారి ఏ బిడ్డ పుట్టిందని అడిగేవాడు.

దాని వల్ల పోయిన ప్రాణాలను మరిచి పొగడలేను. ఎనిమిది మంది కూర్చునే చోట ఇరవై మంది, ఫుట్‌బోర్డు మీద ఇంకొందరు. పెరిగిన బరువుకు తగ్గట్టు బ్రేకులు పెరగలేదు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఉన్నాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి రూపు మార్చడానికి హద్దులు పెట్టింది. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆ మాటలో న్యాయముంది.

కానీ చట్టం ఆపింది ప్రమాదాన్ని. విద్యను ఆపమని అది చెప్పలేదు. అమెరికాలో హాట్ రాడ్లు ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి, వాటిని చేసినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మన షెడ్డు మేస్త్రీల పేర్లు వాళ్ళ శిష్యుల నోళ్ళలో తప్ప ఎక్కడా లేవు. చాలామంది బడి మెట్లెక్కనివాళ్ళు. ఇంజను మీద చెయ్యి పెట్టి, అదురును బట్టి ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పగలిగినవాళ్ళు. వాళ్ళలో కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు.

తిరుపతి, చిత్తూరు, మదనపల్లెల్లోని ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు ఒక్కో పాత జీపు చట్రాన్ని తెచ్చి పెట్టుకోవాలి. ఆ మేస్త్రీలను పిలిచి, కుర్చీ వేసి, పిల్లలకు పాఠం చెప్పించాలి. రేపు ఇంజను స్థానంలో బ్యాటరీ, మోటారు బిగించే పిల్లవాడికీ అదే కొలత కావాలి, అదే ఓర్పు కావాలి. జీపుకు మనం చేయగల అంత్యక్రియ ఇదొక్కటే: దాన్ని విప్పినవాళ్ళు బతికుండగానే, విప్పడం ఇంకొకరికి నేర్పించుకోవడం.